గాజుపెట్టెలో పొన్నూరు కాలవ

నిన్న పొద్దున మా ఇంట్లో చేపలతొట్టె చూడ్డానికి షాపు నుంచి ఒకాయన వచ్చాడు. అడుగున ఒక మూల గాజు చెమ్మగిల్లుతోందని నేనే పిలిపించాను. ఆయన చెమ్మ సంగతి వదిలేసి, నడుం మీద చేతులేసుకుని, తొట్టె నిండా ఊగుతున్న సన్నాకుల నాచునీ, పై అంచు మీంచి నీళ్ళలోకి వేళ్ళు దించిన మనీ ప్లాంటునీ కాసేపు ఎగాదిగా చూశాడు. "ఈ చెత్తంతా ఎందుకు మేడమ్? పీకి పారేసి మంచి ఫిల్టర్ పెట్టించుకోండి. ప్లాస్టిక్ మొక్కలు నేనిస్తా, జన్మలో వాడవు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాతికేళ్ళకి పైగా సైన్సు టీచరుగా చేసిన నోరు ఊరుకోదు కదా. "నాయనా, నువ్వు చెత్త అంటున్నది ఈ ఇంట్లో మా ఆయనకంటే సీనియరు. ముందు గాజు సంగతి చూడు" అన్నాను. పాపం, ఆయన బిక్కమొహం వేసి సిలికాన్ గొట్టం బయటికి తీశాడు. ఆయన వెళ్ళాక తొట్టె ముందు కుర్చీ లాక్కుని కూచుంటే మా అత్త గుర్తొచ్చింది. అత్త అంటే అత్తగారు కాదు, మా నాన్న చెల్లెలు.

అత్త పుట్టి పెరిగింది పొన్నూరు పక్కన. మా తాతగారింటి గుమ్మం దిగితే బాట, బాట దాటితే కాలవ. అంట్లు తోమినా కాలవే, ఆడుకున్నా కాలవే, అలిగి కూచున్నా కాలవగట్టే. అటువంటి మనిషిని తీసుకెళ్ళి చిలకలూరిపేట దాటాక లోపలికి, మిరపా పత్తీ తప్ప మరో మాట వినిపించని నల్లరేగడి ఊరికి ఇచ్చారు. ఎండాకాలం వస్తే అక్కడి చేలల్లో అరచెయ్యి పట్టేంత నెర్రెలు. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. సాగర్ కాలవ వదిలినప్పుడు నింపుకున్న మంచినీళ్ళ చెరువు ఒక్కటే ఊరందరికీ ఆధారం. మా నాన్న చీరాలలో ఉండేవాడు. తొంభైల చివర నాకు ఆ ఊరి బళ్ళో ఉద్యోగం వస్తే, "పిల్లలిద్దరూ గుంటూరు హాస్టళ్ళలో ఉన్నారు, ఇల్లు బావురుమంటోంది, వచ్చి నా దగ్గరే ఉండవే" అని అత్త నన్ను తీసుకెళ్ళింది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఆవిడ బిందెలో చెంబు ముంచేటప్పుడు నీళ్ళ చప్పుడు వినడానికన్నట్టు ఒక్క క్షణం ఆగేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

మా మామయ్య మిరప రైతు. పెద్ద గొంతు, పెద్ద మీసం, మనసు కూడా పెద్దదే గానీ దాన్ని గొంతు వెనకాల దాచిపెట్టేవాడు. నేను వెళ్ళడానికి కాస్త ముందే మిరపకి మంచి రేటొచ్చింది. గుంటూరు యార్డు నుంచి వస్తూనే వాకిట్లో నిలబడి, నలుగురూ వినేట్టుగా, "ఏమే, గొలుసు చేయించనా, గాజులు చేయించనా?" అని అడిగాడట. అత్త ఒక పూటంతా ఆలోచించి "చేపలపెట్టె కావాలండీ" అంది. మామయ్య ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు, నవ్వుతూనే గుంటూరు వెళ్ళి మూడడుగుల గాజుపెట్టె, బుడగలు వదిలే మోటారు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాడు. అత్త దాని ముందు పీట వేసుకుని కూచుని, "నా ఇంట్లో కూడా నీళ్ళు కదులుతున్నాయే" అని నాతో అంది. అప్పటికి నేను ఆ ఇంట్లో చేరి వారం. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి గబుక్కున పుస్తకం తెరిచాను.

ఆ నీళ్ళు కదలాలంటే కరెంటు ఉండాలి కదా. ఆ ఊళ్ళో కరెంటు అల్లుడిలాంటిది. వస్తే పండగ, ఎప్పుడు పోతుందో అడగడానికి లేదు. మోటారు ఆగిన కాసేపటికల్లా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేసేవి. రెండు రోజులకి నీళ్ళు కుడితిలా తయారయ్యేవి. మారుద్దామంటే బోరు నీళ్ళు పనికిరావు, చెరువు నీళ్ళు మనుషులకే చాలవు. అత్త తన తాగే నీళ్ళలో మిగిల్చి పోసేది. అయినా నెల తిరక్కుండా నాలుగూ పోయాయి. మళ్ళీ నాలుగు తెప్పించింది. వాటిలో ఒకటి పోయిన రోజున మామయ్య అన్నం ముందు కూచుని అరిచాడు. "ఏందే ఇది? పొద్దున్నే లేచి చచ్చిన చేప మొహం చూడాలా నేను? మనుషులకి నీళ్ళు లేకపోతే పెట్టెకి నాలుగు బిందెలు! ఇంకొక్కటి చచ్చిందంటే దాంట్లో రేగడి పోసి మిరపనారు పెంచుతా, చెప్తున్నా."

అత్త పప్పుగిన్నె కింద పెట్టింది. "మీరు ముట్టుకోవద్దు. ఇంకొక్కటి చచ్చిందంటే నా చేత్తో నేనే ఖాళీ చేసి, పెట్టె మీ చేలో పెట్టొస్తా. అందాకా దాని సంగతి నాకొదిలేయండి" అంది. గొంతు పెంచలేదు. అన్నేళ్ళలో ఆవిడ అలా ఎదురు నిలబడి మాట్లాడ్డం అదే మొదటిసారేమో, మామయ్య మజ్జిగ పోసుకోవడం మరిచిపోయి చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ సాయంత్రం నా మంచం పక్కన కూచుని అడిగింది. "నువ్వు సైన్సు చదివావు కదే, చెప్పు. మా కాలవకి ఏ మోటారు పెట్టారే? అన్ని గేదెలు దిగేవి, అన్ని అంట్లు తోమేవాళ్ళం. అయినా మా నాన్న, నాచు దుబ్బుగా ఉన్నచోట ముంచవే అమ్మాయ్, అక్కడ తేటగా ఉంటాయి అనేవాడు. నిజంగానే ఉండేవి." నేను నా చదువంతా ఒలకబోశాను. చేపల మురికిలోంచి పుట్టే విషాన్ని మొక్కలు తిండిగా లాక్కుంటాయనీ, వెలుతురుంటే ప్రాణవాయువు వదులుతాయనీ. అత్త ఓపిగ్గా విని, "మా నాన్న చెప్పిందే కదే, కాస్త పొడుగ్గా చెప్పావు" అంది. మర్నాడే పొన్నూరు బస్సెక్కింది.

అక్కడినుంచి ఆవిడ పట్టుదల చూడాలి. తడిగుడ్డలో చుట్టి, పాలక్యానులో పెట్టుకుని నాచు తెచ్చింది. తెచ్చింది తెచ్చినట్టు పెట్టెలో వేస్తుందనుకున్నాను. ఊహూఁ. "చేల పక్క కాలవ. ఎవరు ఏ మందు కొట్టి డబ్బా కడిగారో" అని పది రోజులు వసారాలో బకెట్లో నానేసి, రోజూ నీళ్ళు మార్చి, నత్తల్నీ జలగల్నీ ఏరి, చివరికి చెరువులో పట్టిన రెండు చిల్లర చేపపిల్లల్ని ఆ బకెట్లో వదిలి, అవి బతికి బట్టకట్టాకే నమ్మింది. పెట్టె అడుగున పల్చగా రేగడి, దానిమీద కడిగిన ఇసుక, ఇసుకలో నాచు. చీకటి గదిలోంచి పెట్టెని కిటికీ దగ్గరికి మార్పించింది. మార్చడానికొచ్చిన నలుగురు కూలీల్నీ "మెల్లిగా, మెల్లిగా" అని తినేసింది. మొదటి విడత నాచు కుళ్ళింది. మళ్ళీ బస్సెక్కింది. రెండో విడత సగం పోయి సగం నిలబడింది. వాకిట్లో తీగ సాగిన మనీ ప్లాంటు కొమ్మలు నాలుగు కోసి అంచు మీంచి వేలాడదీస్తే, తెల్లటి వేళ్ళు జానెడు దిగాయి. వేళ్ళకి పట్టిన మడ్డిని చూపించి, "చూడవే, మురికంతా ఎట్టా పట్టుకుందో" అని మురిసిపోయేది.

గాలివానకి స్తంభాలు పడి రెండు రోజులు కరెంటు లేని వారం వచ్చింది. మూడు చేపలూ ఏమీ ఎరగనట్టు తిరిగాయి. మోటారు తీసి అటక మీద పడేసింది అత్త. మామయ్యకి ఇంకా నమ్మకం కలగలేదు. పేపర్లో మిరప ధరల పేజీ మడిచి పెట్టె వెనక అద్దానికి ఆనించి, ముందువైపు నుంచి వంగి, నీళ్ళలోంచి చదివాడు. చిన్న అక్షరాలతో సహా రేటు చదివేసి, "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కోసం అత్త మూడు నెలలు బస్సులెక్కింది. తర్వాత వారం, అడక్కుండానే, గుంటూరు నుంచి మరో చేప తెచ్చి నాలుగు చేశాడు.

ఇక ఇక్కడ నా తప్పు చెప్పాలి. మాఘమాసంలో అత్త తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షనని పొన్నూరు వెళ్ళింది. వెళ్ళే ముందే నాచు కొసలు పాలిపోయాయి. "కొత్త చోటుకి అలవాటు పడుతోంది. దాని జోలికి ఎవరూ పోవద్దు" అని మా ఇద్దరికీ చెప్పి మరీ వెళ్ళింది. ఆ సాయంత్రం మామయ్య పెట్టె ముందు నిలబడి, చేలో మొక్కని చూసినట్టే చూస్తూ, "టీచరమ్మా, ఆకు పాలిపోతే మీ సైన్సు ఏమంటదమ్మా?" అన్నాడు. నేను కాపీలు దిద్దుకుంటూ, తలెత్తకుండా, "నత్రజని లోపం మామయ్యా" అన్నాను. పూర్తి మార్కుల జవాబు! ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళుగా పాలిపోయిన ఆకు కనిపిస్తే ఎరువు వెయ్యడం తప్ప వేరే పని తెలియని చేతులవి. చేపలు పెంచుతున్నామన్న సంగతి ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త వచ్చేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. నాలుగోది ఒక మూల వాలిపోయి మొప్పలు కొట్టుకుంటోంది. నేను బడి నుంచి వచ్చేటప్పటికి అత్త ఆ ఒక్కదాన్నీ గంగాళంలో మంచినీళ్ళలోకి మార్చి, కొంగు దోపుకుని, చెంబుతో పెట్టె తోడేస్తోంది. ఏడవడం లేదు. "అనుకున్న మాట అనుకున్నట్టే జరగాలి కదే" అంటోంది. సగం తోడాక ఆవిడ చెయ్యి ఆగింది. ఇసుకలో, నాచు మొదళ్ళ చుట్టూ, సగం కరిగిన నల్లటి గుళికలు. మిరపమొక్క మొదట్లో వేసినట్టే, మొదలుకి ఆనకుండా, చుట్టూ గుండ్రంగా.

గుమ్మంలో నిలబడ్డ మామయ్య గొంతు నేను అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "ఆగవే. తోడబాక. నేనే వేశా, గుప్పెడు డీఏపీ. ఆకు పాలిపోయిందని... నువ్వొచ్చేసరికి పచ్చగా ఉంటే సంతోషిస్తావని." అత్త చెంబు విసిరికొట్టింది. "మీ చేనా ఇది? మూడు ప్రాణాలండీ!" అని అరిచి, అప్పుడు ఏడ్చింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "అత్తా, నత్రజని అని చెప్పింది నేనే" అన్నాను. "నువ్వూనా?" అని ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత నేను చాలామంది ఇన్‌స్పెక్టర్లని చూశాను గానీ అంత భయపడింది లేదు.

మామయ్య కావిడి భుజానికెత్తుకుని చెరువుకి వెళ్ళాడు. పాలేళ్ళున్న రైతు, మీసం మెలేసే మనిషి, ఊరి నడిబొడ్డులో కావిడి మోసుకుంటూ నాలుగు విడతలు. అరుగు మీదివాళ్ళు "ఏం బాబాయ్, ఇంట్లో ఏమన్నా పేరంటమా?" అంటే, "చేపకి ఒంట్లో బాగాలేదు" అని ముందుకే చూస్తూ నడిచాడు. ఇసుకంతా తనే ఎత్తి, కడిగి, మళ్ళీ పోశాడు. అత్త నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ఆయన బస్సెక్కి, అత్త పుట్టింటి రేవులో పంచె ఎగ్గట్టి దిగి, పాలక్యానుతో కొత్త నాచు తెచ్చి, బకెట్లో నానేసి, "పది రోజులు కదా?" అని అడిగాడు. "పన్నెండు ఉంచండి" అంది అత్త. ఆ ఇంట్లో మళ్ళీ మాటలు అలా మొదలయ్యాయి. పాత నాచు కూడా చావలేదు, దుబ్బుకట్టింది. "చూశావా, ఎరువు పట్టింది" అనబోయిన మామయ్య, అత్త మొహం చూసి, పొలం పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

మిగిలిన ఆ ఒక్క చేప ఏడేళ్ళు బతికింది. మిరపనారు ఎప్పటికీ ఆ పెట్టెలోకి రాలేదు. నాకు బదిలీ అయినప్పుడు అత్త నాలుగు నాచు పోగులు గాజుసీసాలో వేసి ఇచ్చింది. అవే ఒంగోలు వెళ్ళి, చీరాల వచ్చి, పెళ్ళయ్యాక నాతోపాటు గుంటూరు చేరాయి. నిన్న షాపాయన చెత్త అన్నది వాటినే. మామయ్య ఎప్పుడు మా ఇంటికొచ్చినా, కాఫీ కూడా తాగకుండా ముందు తొట్టె దగ్గరికి వెళ్ళేవాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకుని, వంగి ఆకు చూసేవాడు. "అట్టా నిలబడ్డారేం మామయ్యా?" అంటే, "వీటిని నమ్మడానికి లేదమ్మా" అనేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళు. అత్త ఇప్పటికీ ఫోన్ చేస్తే నా ఆరోగ్యం కంటే ముందు "ఆకెట్టా ఉంది?" అంటుంది.

ఇవాళ పొద్దున చూస్తే కిటికీ వైపు నాచు కొసలు కాస్త పాలిపోయి ఉన్నాయి. దగ్గరికెళ్ళి వంగి చూస్తున్నాను. కాసేపటికి గమనించాను, నా రెండు చేతులూ వాటంతటవే వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పాతికేళ్ళు గడిచిపోయాయంటారు గానీ, కాలం అంతా గడిచిపోదేమో, కొంత ఇలా మన చేతుల్లో ఆగిపోతుంది.