నల్లతెర మాస్టారు

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆయన్ని అందరూ నల్లతెర మాస్టారనే పిలిచేవారు. మిగతావాళ్లు రంగురంగుల బొమ్మలు నొక్కి పని కానిస్తుంటే, ఈయన మాత్రం నల్లటి తెర తెరిచి తెల్లక్షరాలు టకటకా కొట్టేవాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన రాసిన బ్యాచ్ ఫైలే, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు వరసగా రాసిపెట్టిన ఫైలే, రోజూ పొద్దున్న ఆరింటికి ల్యాబ్ యంత్రాల నుంచి ఫలితాలు లాగి, ప్రమాదంగా ఉన్నవాటిని ఏరి, ఆ జాబితాను వార్డులకు పంపేది. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు మహానుభావుడు.

కొత్తగా చేరిన ఆవిడకు ముప్పై దాటాయి. ఇంట్లో మంచం పట్టిన తల్లి, సంపాదించే చెయ్యి ఈవిడదొక్కటే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఫలితాలు ఏరడానికి ఆ ఫైలు వాడుకునే, ఎవరో ఎప్పుడో రాసిన పాత స్క్రిప్టు తప్పులతడకగా ఉందని, ఆ పనికి కంప్యూటర్ భాష పైథాన్‌లో కొత్తది రాసింది. ఎంత ముచ్చటగా రాసిందో! మాస్టారికి నచ్చింది, నచ్చినందుకే ఒళ్లు మండింది.

"మొత్తం పైథాన్‌లోకి మార్చేద్దామా అన్నయ్యగారూ?"

"మార్చుకుందువుగాని, నేను రిటైరయ్యాక. రెండు నెలలేగా! అందాకా నీది నా ఫైల్లో ఒక లైను. ఆ లైను కూడా నేనే రాస్తాను చెల్లెమ్మా."

రాశాడు. పైథాన్‌ను మొదలుపెట్టడానికి ఆవిడ ఒక చిన్న బ్యాచ్ ఫైలు ఇచ్చింది. ఒక బ్యాచ్ ఫైల్లోంచి ఇంకో బ్యాచ్ ఫైలును నడపాలంటే ముందు 'కాల్' అని రాయాలి. రాయకపోతే పని అటే పోతుంది, వెనక్కి రాదు. మిగతా లైన్లు నడవవు, తప్పు జరిగిందని తెర మీద ఒక్క ముక్కా పడదు. ఈ పాఠం ఈయనే ఎందరికో నేర్పాడు. ఆ రోజు ఏ దెయ్యం పట్టిందో, మొహం ముడుచుకుని గబగబా రాసి పడేశాడు. ఆ మాట పెట్టలేదు. చివరిదాకా నడిపి చూడనైనా లేదు.

మూడు రోజులు జాబితా తయారవుతూనే ఉంది, వార్డులకు మాత్రం చేరలేదు. ప్రమాదకరమైనవేవీ లేవు కాబోలనుకున్నారు అక్కడివాళ్లు. మూడో రోజు ఒక పేషెంటు రక్తంలో పొటాషియం పెరిగిన సంగతి డాక్టర్లకు అందక, మనిషి చావుదాకా వెళ్లి బయటపడ్డాడు. విచారణ మొదలైంది. కొత్తగా ఏం మారిందని అడిగారు. పైథాన్ అన్నారు. ఇంకేముంది, వేళ్లన్నీ ఆవిడ వైపే.

"నా జాబితా సరిగ్గానే తయారైందండీ" అని ఒక్కసారి అని, మాస్టారి వైపు చూసి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు ఫైలు తెరిచాడు. ఒక్క చూపుకే దొరికింది.  'కాల్' అన్న మాట చేర్చి, సేవ్ చేశాడు.

"బాగుచేశారా? ఆవిడ తప్పేగా?" అన్నాడు ఆఫీసరు.

అవుననలేదు, కాదనలేదు. ఇరవై ఆరేళ్ల పేరు కళ్ల ముందు కదిలింది. సిగ్గుతో చచ్చిపోతూ మళ్లీ తెర వైపు తిరిగాడు. వారానికి ఆవిడను పంపించేశారు.

వీడ్కోలు సభలో ఈయన్ని ఆకాశానికెత్తారు. ఇరవై ఆరేళ్లలో ఒక్క తప్పూ లేదన్నారు. ఆ మాట విన్నాక రాత్రంతా కునుకు పట్టలేదు. మర్నాడు అడ్రసు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాడు. ఆవిడ తలుపు తీసింది. చిక్కిపోయింది. మందుల షాపులో బిల్లులు కొడుతోందట, జీతం సగమట.

"తప్పు నాదేనమ్మా. 'కాల్' నేనే రాయలేదు."

"తెలుసు అన్నయ్యగారూ. విచారణ రోజే, మీరు బాగుచేయకముందే ఫైలు తెరిచి చూశాను."

"అయ్యో, మరి చెప్పలేదేం తల్లీ?"

"మీరే చెప్తారనుకున్నాను" అంది. "వారం రోజులు చూశాను."

ఆయనకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గుమ్మంలో నిలబడి ఏడవడానికి మొహం చెల్లలేదు.