నొజూకోను పరుపు మీద నుంచి ఎవరు లేపాలి?

మా ఊరు క్వాజఖేలే టాక్సీ స్టాండులో నొజూకో వేసే అమాగ్విన్యాల గురించి నేను చెబితే కోతలంటారు. అయినా చెబుతాను. నూనెలో వేగిన ఆ పిండి ఉండలు ఎంత పొంగేవంటే, ఒకసారి జాకీ దొరక్క నా వ్యాను కింద రెండు గ్విన్యాలు పెట్టి టైరు మార్చాను. ఆ తర్వాత దుమ్ము దులిపి తినేశాను కూడా. నమ్మకపోతే మీ ఇష్టం. ఎనిమిదో క్లాసులో నేను బడి మానేస్తే హెడ్మాస్టరు కన్నీళ్లు పెట్టుకున్నాడు. సంతోషంతోనే అనుకోండి, అది వేరే సంగతి.

నొజూకో బారు మనిషి, నోరూ పెద్దదే. "ఒరే లూడ్వే, నీ బండి కంటే నా మూకుడు ముందు పోతుందిరా" అని స్టాండంతా వినేలా నా మీద అరిచేది. ఆదివారం మాత్రం ఆ నోరు కట్టేసుకుని, ఇస్త్రీ గౌనులో, చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చునేది. ముందు వరసలో, పాటలు పాడేవాళ్లలో, బులేల్వా ఉండేది మరి.

బులేల్వా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. వాళ్లమ్మను అందరూ వంశం పేరుతో మాడ్లోమో అని పిలిచేవాళ్లు. గురువారం ప్రార్థన చేసే ఆడవాళ్లకు ఆవిడే పెద్ద. ఎర్ర జాకెట్టు, నల్ల పావడా, తెల్ల టోపీ ఉన్న వాళ్ల యూనిఫారంలో ఆవిడ వీధిలో నడిచొస్తుంటే కుక్కలు కూడా పాపాలు ఒప్పుకునేవి. ఆవిడ ఇంటి పెరట్లో రేకుల గది ఒకటుంది. బులేల్వా, నొజూకో ఆ గదిలో కాపురముండేవాళ్లు.

కాపురం అన్నది తెలిసే అంటున్నాను. ఇద్దరాడవాళ్లు పెళ్లాడొచ్చని మా దేశ చట్టం చెప్పి అప్పటికే చాలా ఏళ్లయింది. మా చర్చి ఇంకా చెప్పలేదు. వాళ్లిద్దరూ ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లి పెళ్లి చేసుకుంటే, మా అన్న సూటు వేసుకుని సాక్షి సంతకం పెట్టింది నేనే. ఆ రోజు వాళ్లను నా వ్యానులో ఊరంతా హారన్ కొట్టుకుంటూ తిప్పాను. సాయంత్రం నొజూకో పెళ్లికూతురిలా తలకు గుడ్డ కట్టుకుని మాలో కోడలు అత్తకు కప్పే దుప్పటి మాడ్లోమోకు కప్పింది. ఆవిడ కప్పించుకుంది. మర్నాడు గురువారం ఆడవాళ్లతో "మా పిల్ల స్నేహితురాలు ఇచ్చింది" అంది. ఆ మాటకు నొజూకో నవ్వేసింది. "కప్పుకుంది కదరా, అది చాల్లే" అంది నాతో.

తర్వాతి చలికాలంలో బులేల్వాకు ఉబ్బసం ముదిరి ఊపిరాడక చనిపోయింది.

మాలో మొగుడు పోతే పెళ్లాన్ని నేల మీద పరుపు వేసి కూర్చోబెడతారు. పెద్దాడవాళ్లు చుట్టూ కూర్చుంటారు. వచ్చినవాళ్లు ఆమె దగ్గరే ప్రార్థన చేస్తారు. ఖననమయ్యాక పెద్దవాళ్లే చెయ్యిపట్టి లేపుతారు, నల్లబట్టలు తొడుగుతారు. తనంతట తాను కూర్చోకూడదు, తనంతట తాను లేవకూడదు. ఆ గదిలోకి పాస్టరు తప్ప మగాడు అడుగుపెట్టకూడదు. అందుకని నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

పెళ్లికాని పిల్ల పోతే తల్లి కూర్చుంటుంది. అలాగే పరుపు మీద మాడ్లోమో కూర్చుని ఉంది. నొజూకో చెప్పులు విడిచి, భుజాన దుప్పటితో గుమ్మంలో ఆగింది.

"అమ్మా, కాస్త జరగవా? నీ పక్కనే ఓ మూల కూర్చుంటాను."

"జరగడమేంటమ్మా?" అంది ఎర్ర జాకెట్టావిడ ఒకామె. "అది తల్లో పెళ్లామో కూర్చునే చోటు. నీ పొయ్యి కాడ పీట కాదు."

"నేను పెళ్లాన్నే కదక్కా."

గదిలో గగ్గోలు లేచింది. పాస్టరు కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. నొసలు రుద్దుకున్నాడు. "అక్కా, ఆఫీసు పెళ్లి ఆఫీసుది. మన సంఘం పెద్దలు దీని మీద ఇంకా మాట్లాడుకుంటున్నారు. అంతవరకు నా చేతిలో ఏమీ లేదు. ఇంటి పెద్ద ఏం చెబితే అదే." ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వే చెప్పు. ఈమె నీ కూతురికి ఏమవుతుంది?"

మాడ్లోమో నొజూకో మొహంలోకి చూసింది. చుట్టూ ఉన్న తెల్లటోపీల్ని చూసింది.

"పెరటి గదిలో అద్దెకుంటుంది" అంది.

నాకు ఒళ్లు మండింది. కిటికీలోంచి తల దూర్చి అరిచాను: "అబద్ధం! నేను సాక్షిని! వాళ్ల పెళ్లికి సంతకం పెట్టింది నేనే!"

"వచ్చాడండీ గ్విన్యాతో టైరు మార్చినవాడు!" అంది ఎర్ర జాకెట్టావిడ. ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. మా చర్చిలో ఎవరు లేచి ఏ సాక్ష్యం చెప్పినా ఆమెన్ అంటారు. నా బతుకులో నేను చెప్పిన ఒకే ఒక్క నిజమైన సాక్ష్యానికి నవ్వారు.

నొజూకోను వంటల దగ్గరికి పంపారు. శవపేటిక శ్మశానానికి వెళ్తుంటే, తిరిగొచ్చేవాళ్ల కోసం ఆమె జొన్నగుగ్గిళ్లు కలుపుతూ ఉంది. మాంసం మాడకుండా ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నారు. ఉంది. అందరికీ వడ్డించింది. గిన్నెలు తోమింది. అప్పుడు పెరటి గదిలోకి పోయి, తామిద్దరూ పడుకున్న పరుపును నేల మీదికి లాగి, దాని మీద కూర్చుంది.

కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నేను రొట్టె, టీ తెచ్చి గుమ్మం బయట పెట్టేవాణ్ని.

"లే అక్కా, చాలు."

"నువ్వు లేపకూడదు తమ్ముడూ, మగాడివి."

"మరి దేవుణ్ని లేపమను."

"ఆయనతో నాకు తగువు లేదురా. ఆయన రమ్మనే అంటాడు. జరగంది పక్కన కూర్చున్నవాళ్లే."

గురువారం మాడ్లోమో ప్రార్థనకు పోతూ, ఎర్ర జాకెట్టులోనే పెరట్లోకొచ్చింది. పోయినవాళ్ల బట్టలు ఉతికి చుట్టాలకు పంచాలి. నొజూకో కూర్చున్నచోటు నుంచే పెట్టె ముందుకు తోసింది. గౌన్లు, కోటు, చర్చి బూట్లు ఉన్నాయి. లోపలి బట్టలతో సహా అన్నీ మడతపెట్టి ఉన్నాయి.

"అత్తమ్మా" అంది. ఆ పిలుపు అంతకుముందు ఆమె నోట నేను వినలేదు. "నన్ను కూర్చోబెట్టలేదు, సరే. కనీసం లెమ్మని ఒక్క మాట అను. వేరే ఏమీ అడగను."

మాడ్లోమో పెదాలు కదిలాయి. చెయ్యి కూడా కొంచెం చాపింది. లెమ్మంటే, ఇన్నాళ్లూ ఆమె కూర్చున్నది నిజమవుతుంది. కోడలి ఏడుపు నిజమవుతుంది. ఆవిడ ఆ చేత్తో పెట్టె అందుకుంది.

"ఆలస్యమైపోతోంది" అంది. పెరడు దాటుతూ ఆగి, పెట్టెలోంచి ఒక గౌను తీసి మొహానికి అదుముకుంది. వెనక్కి మాత్రం రాలేదు.

సోమవారం తెల్లవారకముందే నొజూకో గోడ పట్టుకుని తనంతట తానే లేచింది. స్టాండుకొచ్చి పొయ్యి వెలిగించింది. ఒంటి మీద నల్లబట్టలు లేవు, మామూలు గళ్ల గౌనే. సంగతి తెలియని డ్రైవరొకడు గ్విన్యాలకు వచ్చి వేళాకోళమాడాడు: "ఏంటక్కా, ఇన్నాళ్లు మాయమైపోయావు? ఎవరి పెళ్లికి పోయావేంటి?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె నా వంక ఒక్కసారి చూసింది, మాట్లాడొద్దన్నట్టు.

"ఒంట్లో బాలేదు తమ్ముడూ" అంది, పొట్లం కడుతూ.