వీసాకి ముందు పులిహోర

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, లండన్ టూరిస్టు వీసాకి వేలిముద్రలు ఇవ్వడానికి కాకినాడ నుంచి మాదాపూర్ వచ్చాను. రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్న ఉద్యమకారులు నా ఆటో ఆపేశారు. అపాయింట్‌మెంట్ తప్పితే మళ్లీ నెల ఆగాలి. పైగా నాది గోదావరి యాస. భయపడి పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు అన్నీ తీసి చూపించాను.

"గివన్నీ మాకెందుకమ్మా? తినకుంట పోనియ్యం, కూసో!" అంటూ ఒకావిడ విస్తరాకు వేసి పులిహోర వడ్డించింది. గబగబా తిని, చెయ్యి కొంగుకు తుడుచుకుని పరుగెత్తాను.

వీసా ఆఫీసులో మెషిన్ నా జిడ్డు వేళ్లను ఒప్పుకోలేదు. కౌంటర్‌లో అమ్మాయి నా పసుపు గోళ్లు చూసి, నవ్వుతూ తన గోళ్లు చూపించింది.

"ఫికర్ చెయ్యకండి మేడమ్, సబ్బుతో కడుక్కొని రండి. పొద్దున నన్ను గూడ తినకుంట పోనియ్యలే."