తొమ్మిది వోల్టుల డబ్బా

మా చర్చిలో స్పీకర్లు గుంయ్‌మంటే అందరూ నావైపే చూసేవాళ్లు. కీబోర్డు వాయించే అబ్బాయివైపు ఒక్కరూ చూడరు. గిటారు పట్టింది ఆడపిల్ల కదా, తప్పు అక్కడే ఉండాలి. పాస్టరుగారు చెప్పే దేవుని వాక్యం వినపడటం లేదు, ఆ కాలితో తొక్కే డబ్బాలు మానిపించమని సంఘపెద్ద మా అమ్మకు కబురు కూడా పెట్టాడు.

ఆ డబ్బాలు పెడల్స్. గిటారు గొంతు మార్చేవి. నావి మూడు, మూడింటికీ తొమ్మిది వోల్టుల కరెంటు కావాలి. ఒకే చవక అడాప్టరు నుంచి అన్నింటికీ ఇస్తే ఆ గుంయ్ తప్పదు. బ్యాటరీలు వేస్తే పాట మధ్యలో చచ్చిపోతాయి. పెడల్స్ మానేస్తే నా గిటారు కీబోర్డు కింద అణిగిపోతుంది, ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టడానికి ఎంతసేపు? అందుకే మూడింటికీ విడివిడిగా కరెంటిచ్చే పవర్ సప్లై నేనే చేసుకోవాలనుకున్నాను.

మార్కాపురంలో రేడియో సామాన్ల దుకాణానికి వెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అడిగితే, మీ అన్నకా అన్నాడు దుకాణదారు. నాకే అన్నాను. డయోడ్లు, కెపాసిటర్లు, రెగ్యులేటర్లు పేరుపేరునా అడిగి తీసుకున్నాక కూడా, ఏదన్నా తేడా వస్తే అన్నను పంపించమన్నాడు. ఒళ్లు మండింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది నేను. పైగా నాకు అన్నే లేడు.

నాయనది పలకల ఫ్యాక్టరీలో కోత పని. అంచు విరిగిన పలక ఒకటి తెచ్చి, చెప్పినచోటల్లా బెజ్జాలు వేసి ఇచ్చాడు. పలకలో కరెంటు పారదు, వేడికి కాలదు. ఒక పెడల్ రొద ఇంకోదానికి చేరకుండా ఆ పలక మీద దేని ట్రాన్స్‌ఫార్మర్ దానికే పెట్టి, పైన చెక్క డబ్బా బిగించాను. అన్నీ తగిలించి స్విచ్ వేస్తే స్పీకరులో గుంయ్ అన్నదే వినపడలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం పాటకూ పాటకూ మధ్య హాలు ప్రశాంతంగా ఉంది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద వచ్చి, నన్ను అడగకుండానే డబ్బా ఎత్తి కానుకల బల్ల మీద పెట్టాడు. మా దగ్గర ఆ బల్ల మీద పెట్టి ప్రార్థన చేశారంటే అది ఇక సంఘానిదే.

“బాగ చేసినావు పాపా. బీరువాలో పెట్టి తాళమేస్తాం. ఎవరు వాయిస్తే వాళ్లు వాడుకుంటారు” అన్నాడు.

అమ్మ నా చున్నీ లాగింది. నాకు మాత్రం పోయిన నెల ఇదే చర్చి ముందు దండ వేసుకుని నిలబడిన ఆయన కొత్త ట్రాక్టరు కళ్ల ముందు కనపడుతోంది. దానికీ ప్రార్థన చేశారు. మిఠాయిలు పంచారు.

“నీ ట్రాక్టరుకు గూడ ప్రార్థన చేసినారు గదా పెదనాయనా. దాన్ని ఇంటికెందుకు తోలుకపోయినావు?”

“అది నా కష్టం పాపా.”

“ఇదీ నా కష్టమే” అని డబ్బా మీద చెయ్యి వేశాను.

ఆడవాళ్ల చాపల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఏం చెయ్యాలో తోచక పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, డబ్బా మీద పెట్టిన చెయ్యీ తియ్యలేదు. ఆమేన్ అనగానే దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.