అర నిమిషం బొమ్మలు

ముప్పై ఏళ్లుగా జనానికి కొలతలు తీసిన టైలరు మాస్టారికి ఉన్నట్టుండి మనుషుల బొమ్మలు వేయాలని బుద్ధి పుట్టింది. బస్టాపులో నిలబడ్డవాళ్లను మనిషికి అర నిమిషం చొప్పున రోజుకు నలభై మందిని గీసేవాడు. మొదట్లో భుజం, నడుము అన్నీ లెక్క ప్రకారమే కుదిరేవి. మనుషులు మాత్రం హ్యాంగరుకు తగిలించిన చొక్కాల్లా ఉండేవారు. మూడు నెలలకు కొలతలు పోయి పిచ్చిగీతలు మిగిలాయి. చెయ్యి పాడైందని దిగులుపడి ఆ రోజు గీసిన కాగితం చింపబోతుంటే భార్య లాక్కుంది.

“ఈవిడ మన ఎదురింటి వదినగారు కదండీ! నిలబడితే బరువంతా ఎడంకాలి మీదే వేస్తుంది.”

“ముఖమే లేదు కదే, ఎలా పోల్చావు?”

“ఏమో, చూడగానే తెలిసిపోయింది.”

మాస్టారు కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. తను బాగుపడ్డాడో చెడిపోయాడో ఎంతకీ అంతుపట్టలేదు.