టైము కార్డుల వెనక బొమ్మలు

ఇది మోయలేక చెబుతున్నాను. పాతికేళ్లకు పైగా నా లోపల కుళ్లుతున్న సంగతి ఇది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఎండ, వాన, వేసుకున్న మాత్రలు, వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఉన్నాయి. ఇది లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. ఆ రోజు పేజీలో పావు వంతు ఖాళీ ఉంచి, మరునాటి పేజీకి వెళ్లిపోయాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పలేను.

నన్ను యానిమేషన్ సినిమాల దర్శకుడంటారు. పిల్లల టీకాల మీద, రోడ్డు దాటడం మీద, చేతులు కడుక్కోవడం మీద మాటల్లేని చిన్న సినిమాలు తీశాను. శాలువాలు కప్పారు. నా బొమ్మలకు బరువుంటుందని, కింద పడితే నిజంగా పడినట్టే ఉంటుందని రాశారు. ఆ కాగితాలు కత్తిరించి అతికించుకున్నాను కూడా. ఇప్పుడు ఆ పుస్తకం తెరవను.

తొంభైల మొదట్లో నేను బహ్రెయిన్‌లో, అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టరు క్యాంపులో టైంకీపర్‌ని. మాది కాకినాడ. కూలీలు డ్యూటీకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు గడియారం పెట్టెలో కార్డు దూర్చి గుద్దించుకునేవారు. నెలాఖరుకు నేను పుస్తకంలోకి ఎక్కించుకుని ఆ అట్టలు పారేసేవాణ్ణి. ఒక నెల లింగన్న వచ్చి అవి తనకిమ్మన్నాడు. జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగు పని. చదువు రాదు.

క్యాంపులో అందరూ ఇంటికి క్యాసెట్లు పంపేవారు. టేపు రికార్డరు ముందు కూర్చుని, ఏడ్చి, నవ్వి, మాట్లాడి, సెలవు మీద వెళ్లేవాడి చేతికిచ్చేవారు. లింగన్న కూతురికి పుట్టు చెవుడు. అందుకని కార్డుల వెనక పెన్సిలుతో బొమ్మలు వేసేవాడు. ఒక కార్డు మీద ఇంకో కార్డు పెట్టి కిటికీ అద్దానికి ఆనించి, కిందిది కనిపిస్తుంటే పైదాన్ని కాస్త మార్చి గీసేవాడు. అరవై, డెబ్భై కార్డులు కట్టగట్టి బొటనవేలితో జారవిడిస్తే లోపల మనిషి నడిచేవాడు. బరువెత్తే ముందు మనిషి కొంచెం కిందికి కుంగుతాడని, అది గీయకపోతే మూట దూది మూటలా ఉంటుందని నాకు చెప్పింది అతనే. ఎక్కడ నేర్చుకున్నాడు? ఎక్కడా నేర్చుకోలేదు. తోటివాళ్లు మోస్తుంటే చూశాడు.

అతనికి అడ్రసు రాయడం రాదు. నేనే కవరు మీద రాసి పోస్టు చేసేవాణ్ణి. మొదటి కట్ట పంపాను. అది నిజం.

రెండో కట్ట ఇచ్చేనాటికి లింగన్న పరంజా మీంచి జారి, నడుముకు కట్టిన బెల్టు వల్ల బతికాడు. అతను పడ్డాడన్న కబురు మాత్రం ఇంటికి చేరింది. తండ్రి పడిపోయాడని పిల్లకు సైగలతో ఎవరో చెప్పారట, తిండి మానేసిందట. ఆ కట్టలో ఒక మనిషి నిచ్చెనెక్కుతాడు, జారతాడు, బెల్టుకు వేలాడతాడు, పొట్ట ఊపుతూ నవ్వి చెయ్యి ఊపుతాడు. అంతే. నేనున్నాను అని చెప్పడం.

అదే వారం మేనేజరు, బెల్టు కట్టుకోమని అన్ని భాషలవాళ్లకూ అర్థమయ్యేలా ఏదైనా తయారు చేయగలవా అని నన్నడిగాడు. నా సొరుగులో ఆ కట్ట ఉంది. చేయగలనన్నాను. చిత్రీకరణ అయ్యాక పోస్టు చేయొచ్చులే అనుకున్నాను. అలా అనుకున్నానా, లేక అనుకున్నానని తర్వాత కల్పించుకున్నానా? మహూజ్ పేటలో వీడియోలు తీసే ఒకతని ఫ్లాట్‌లో, కార్డు తర్వాత కార్డు కెమెరా కింద పెట్టాం. వీడియో మొదట్లో నా పేరు వేయించాను.

శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో టీవీ పెట్టి చూపించారు. ఒకటే నవ్వులు. లింగన్న వైపువాడొకడు అరిచాడు.

"లింగన్నా, గా పడ్డోడు అచ్చం నీ లెక్కనే ఉన్నడురో! పొట్ట సుత నీదే!"

మా వైపు వంటాయన నా భుజం తట్టాడు. "ఏవండోయ్ టైంకీపర్ గారూ, మా ఆలస్యాలు రాయడమే వచ్చనుకున్నాం, మీలో ఇంత కళ ఉందా!"

లింగన్న నవ్వలేదు. అందరూ పళ్లేలు కడుక్కోవడానికి లేచాక నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గవి నా బిడ్డకు పంపినయి గదా. పోలేదా?"

"పోయాయి. పంపే ముందు చూసి, నేను మళ్లీ వేసుకున్నాను."

"పోయినయా?"

"పోయాయి, లింగన్నా."

"పోయినయంటే సాలు సార్. టీవీల ఏసుకుంటే ఏంది, ఏసుకోన్రి. అది అన్నం తినాలె, గంతే."

బొమ్మ ఎవరిదని అతను అడగలేదు. అడిగి ఉంటే తిట్టి పంపేవాణ్ణి, అదీ తెలుసు నాకు.

ఆ తర్వాతైనా పంపవచ్చు. ఎందుకు పంపలేదు? పద్ధతిగా ఆలోచించాను. కవరు మీద తపాలా ముద్ర పడుతుంది, ముద్రలో తేదీ ఉంటుంది, ఎవరైనా చదివి చెబితే నా అబద్ధం తెలిసిపోతుంది. ఒక పిల్ల తిండికీ ఒక ముద్రకూ మధ్య నేను ముద్రను చూసుకున్నాను. ఇలాంటి బుర్రను నలుగురు మెచ్చుకున్నారు. తర్వాత అతనిచ్చిన మూడు కట్టలూ నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంకో సినిమాకు పనికొస్తాయని.

రెండేళ్లకు లింగన్న సెలవు మీద వెళ్లి వచ్చాడు. వస్తూ తెచ్చిన సకినాలు ఆఫీసులో అందరికీ పంచాడు. నా బల్ల మీద కూడా నాలుగు పెట్టాడు. ఇంటికి ఒక్క కట్టే చేరిందని తెలుసుకునే వచ్చి ఉంటాడు. ఆ నెల నేను తీసిపెట్టిన పాత కార్డుల కోసం రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు. ఆ సకినాలు నేను తిన్నాను. కరకరమని చప్పుడు వినపడుతుంటే తిన్నాను.

ఆ వీడియో చూపించి హైదరాబాదులో పని సంపాదించాను. గీసేవాళ్లను జీతానికి పెట్టుకున్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే, మనిషి బరువెత్తే ముందు కుంగుతాడని. ఒక కాలేజీలో అది నేను కనిపెట్టినట్టు చెబితే పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు.

అడ్రసు తెలియదని కూడా చెప్పుకోలేను. ఊరు, మండలం, జిల్లా నా చేత్తో రాసినవే. ఆ పిల్ల ఆ రోజుల్లో ఎన్నాళ్లు తినలేదో, ఎప్పుడు తినడం మొదలుపెట్టిందో కనుక్కునే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు. క్షమించమని అడగను. ఎవరిని అడగాలో తెలిసి కూడా అడగని వాణ్ణి మీరెలా క్షమిస్తారు?

నాలుగు కట్టలూ నా ముందున్నాయి. అట్టల అంచులు నల్లగా, నున్నగా అరిగాయి. పనికోసం ఎన్నో వందలసార్లు జారవిడిచాను; అది నా బొటనవేలి మురికి. ఆ పిల్ల చిన్ని వేలు అరగదీయవలసిన అంచులు.

ఈ బొమ్మలు నావి కావు. లింగన్నవి. రాశాను. రోత మాత్రం ఆగలేదు.