యేసురత్నం మార్చిన పదకొండు సెట్లు

యేసురత్నం నంద్యాల అడవి ఆఫీసులో వైర్‌లెస్ మెకానిక్కు. నల్లమల కొండల్లోని కాపలా క్యాంపులకు పదకొండు సెట్లు ఉండేవి. ఏది పాడైనా ఆయన బల్ల మీదికే వచ్చేది. ఆ పాత సెట్లలో చానలు మార్చాలంటే లోపలున్న గోరంత క్రిస్టల్ ముక్కలు రెండూ మార్చాలి, మాట పంపేదొకటి, వినేదొకటి.

1982లో అందరూ కొత్త చానలుకు మారాలని ఉత్తర్వు వచ్చింది. క్రిస్టళ్ల కోసం బెంగుళూరికి రాస్తే ఏడు నెలలు పడుతుందన్నారు. ఈలోగా కింది ఆఫీసులు మారిపోయాయి, కొండమీది సెట్లు మూగబోయాయి. ఆ ఎండాకాలంలో అడవికి మంటలంటుకుంటే, క్యాంపులో కాపలా ఉండే చెంచు బయ్యన్న కబురు చెప్పడానికి ఆళ్లగడ్డ ఆఫీసు దాకా నడిచి వచ్చాడు. అప్పటికే వెదురంతా బూడిదైంది.

ఆ రోజు యేసురత్నం పని మీద ఆళ్లగడ్డలోనే ఉన్నాడు. బయ్యన్న గోడకు చేరగిలబడి, "నీ డబ్బా పలకదు గదన్నా. నేను యాడని పరిగెత్తేది?" అన్నాడు. క్రిస్టళ్లొచ్చినా, ఇంకోసారి చానలు మారితే మళ్లీ ఇదే గతి అనుకున్నాడు యేసురత్నం.

ఒకే క్రిస్టల్‌తో ఏ చానలైనా పుట్టించే సింథసైజర్ అనే బోర్డు గురించి ఆయన ఒక పత్రికలో చదివి ఉన్నాడు. అలాంటివి తానే కడతానంటే అధికారి సరేనన్నాడు గానీ చేతికింద మనిషిని ఇవ్వలేదు. పగలంతా మామూలు రిపేర్లు, పొద్దు వాలాక ఈ బోర్డు. మొదటిది కట్టడానికే పద్నాలుగు నెలలు పట్టింది. బల్ల మీద బాగానే పలికింది. బయ్యన్న భుజాన వేసుకుని నడిస్తే మాత్రం మాట వణికింది. అడుగు పడినప్పుడల్లా లోపలి రాగితీగ చుట్ట అదురుతోంది.

"అది కదలకుండా మైనం పోయాల బయ్యన్నా."

"తేనెమైనమా? మా ఇంటిది భూదేవి కాచింది సట్టెడుంది. తెస్తా."

మైనం పోశాక గొంతు నిలబడింది. కానీ కొత్త బోర్డు కరెంటు ఎక్కువ తాగి, మూడు రోజులొచ్చే బ్యాటరీ ఒక్క రోజుకే అయిపోసాగింది.

"మాట బాగుండాది గానీ, బ్యాటరీలు మోసి మోసి భుజం పోతాందన్నా," అన్నాడు బయ్యన్న.

యేసురత్నానికి కోప్పడే ఓపిక కూడా లేదు. తక్కువ కరెంటుతో నడిచే చిప్పులు తెప్పించి, కట్టిందంతా విప్పి మళ్లీ కట్టాడు.

1985 మార్చిలో పదకొండో సెట్టు మూత బిగించాడు. ఏప్రిల్‌లో కొండ మీద పొగ లేస్తే, బయ్యన్న మాట ఆ నిమిషానే ఆళ్లగడ్డలో వినపడింది. జీపులో మనుషులు పోయి ఆర్పారు. అధికారి యేసురత్నాన్ని పిలిపించాడు.

"బాగా చేసినావప్పా. పక్క డివిజనువి ఇంకో పద్నాలుగు సెట్లు వస్తాండాయి."

"పంపండి సార్," అన్నాడు యేసురత్నం.

ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కూలబడ్డాడు. భార్య లూదియా పళ్లెం పెడుతూ, "ఏందీ, పని అయిపోయిందంటివే?" అంది.

"అయింది. ఇంకో పద్నాలుగంట."

"నాల్గు దినాలు సెలవు పెట్టు."

"పెడ్తే ఆ పని ఎవురు చేస్తారు?"

ఆయన నాలుగు ముద్దలు తిని, కలిపిన అన్నం ముందు ఎండిన చేత్తో అలాగే చాలాసేపు కూర్చున్నాడు.